బూడిద మెలిక

మారుతిని పెనుకొండ కోర్టులో నిలబెట్టడానికి ఇంకా ఐదు గంటల నలభై నిమిషాలుంది. సుధ హిందూపురంలో హరీష్ గ్యారేజీ ముందు కారు ఆపి గడియారం చూసుకుంది. పదీ ఇరవై.

ఆమె ఒకప్పుడు ధర్మవరంలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు. పైవాళ్ళు మూసుకోమన్న చోట కళ్ళు మూసుకోలేక ఆ ఉద్యోగానికి దండం పెట్టి వచ్చేసి ఐదేళ్ళయింది. ఇప్పుడు బండి లోయలో పడ్డా, బండి కింద మనిషి పడ్డా, పోలీసులు రాసిన కథ నమ్మబుద్ధి కానివాళ్ళు ఆమె గడప తొక్కుతారు. ఇవాళ తెల్లవారగానే తొక్కింది మారుతి తల్లి ఉలిగమ్మ. పరిగి దగ్గర పల్లె, గొర్రెలు కాసుకునే మనిషి.

"వాడు గొర్రెను కోస్తాంటే చూడల్యాక గుడిసెనకకు పోయేటోడమ్మా. వాడు మనిషిని సంపుతాడా? సంతోషు వానికి తోడబుట్టినోని లెక్క. నాకు కేసొద్దు, కోర్టొద్దు. నా కొడుకును ఇంటికి తెచ్చీమ్మా, అంతే."

"సాయంత్రానికి నీ కొడుకు నీ ఇంట్లో ఉంటాడు, పో" అని సుధ మాట ఇచ్చేసింది. ఇవ్వకూడదు. ఈ వృత్తిలో మాట ఇవ్వడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని ఆమెకూ తెలుసు. కానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆ తల్లిని చూస్తే నోరు ఆగలేదు.

జరిగింది ఇదీ. శనివారం పొద్దున పెనుకొండ కొండ వెనకవైపు బండదారిలో ఒక ఏటీవీ బోల్తా పడింది. ఏటీవీ అంటే రాళ్ళనీ గుంతలనీ ఇసుకనీ లెక్కచెయ్యకుండా పోయే నాలుగు చక్రాల బండి. హరీష్ గ్యారేజీలో మార్పులు చేసి మెరుగుపరిచిన బండి అది. కొండెక్కి దిగుతుంటే కుడి ముందు చక్రం అడ్డం తిరిగింది. తోలుతున్న సంతోష్ అక్కడికక్కడే పోయాడు. ఇరవై ఆరేళ్ళవాడు. చక్రాన్ని స్టీరింగుకు కలిపే రాడ్డు ఊడిపోయిందని తేలింది. ఆ రాడ్డు బిగించింది మెకానిక్ మారుతి. పైగా అంతకు రెండురోజుల ముందే ఇద్దరూ నలుగురి ఎదుట కొట్టుకోబోయారు. పెనుకొండ సి.ఐ. వేణుగోపాల్‌కు ఇంతకంటే ఏం కావాలి? సోమవారం సాయంత్రం మారుతిని తెచ్చి లోపల కూర్చోబెట్టాడు.

హరీష్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. మెకానిక్కుల యజమాని అయినా చొక్కా మీద గ్రీజు మరకన్నది లేదు. ఆంజనేయస్వామి పటం ముందు అగరబత్తులు వెలిగించి, సుధకు కుర్చీ వేశాడు. మూలన గుడ్డ కప్పిన బండి ఒకటి కనిపిస్తోంది.

"అదేంటి?"

"పడిపోయినదానికి జోడు మేడమ్. రెండూ ఒకే మాదిరి చేసినాం. బెంగుళూరు కంపెనీవాళ్ళు శనివారం ఎనిమిదికి వచ్చి చూడాల్సింది, ఇట్లాయె. మల్లా రేపు వస్తామన్నారు. మనిషి పోయి మూడురోజులు కాలేదు, బండి సూపీయాలంటే నాకూ మనసొప్పడంల్యా."

"వాళ్ళకేం కావాలంట?"

"మామూలు ఏటీవీ ఆ కొండెక్కేదానికి ఐదు నిమిషాలు దగ్గరదగ్గర పడతాది. మాది నాలుగు లోపలే ఎక్కేస్తాది. ఎట్ల చేసినారో చూస్తాం, చేసిన మనిషిని మా దగ్గర పెట్టుకుంటాం అన్నారు."

"చేసిన మనిషి ఎవరు?"

"నేనే మేడమ్." అడగ్గానే వచ్చేసింది జవాబు.

"ఏమేం మార్చారు?"

"ముందు చక్రాల చేతులు రెండంగుళాలు సాగదీసినాం, బండి పక్కకు దొర్లకుండా. టైర్లలో గాలి బాగా తగ్గించినాం, రాయిని కరుచుకునేదానికి. ఇంగ క్లచ్చిలో రోలర్లు ఉంటాయి గదా, వాటి బరువు పెంచినాం. బరువు పెరిగితే బలం పెరుగుతాది."

సుధ కనుబొమ్మ ముడిపడింది. బెల్టు క్లచ్చిలో రోలర్ల బరువు పెంచితే ఇంజను ఊపందుకోకముందే బండి పైగేరులోకి జారిపోతుంది. ఎటవాలు ఎక్కే బండికి బరువు తగ్గించాలి. స్కూటర్లు బాగుచేసేవాణ్ణి అడిగినా చెప్తాడు. సరేలే, చెమట ఒకడిది, పేరు ఒకడిది, యజమానులంతా ఇంతే అనుకుని ఆ మాట అక్కడితో వదిలేసింది.

"శనివారం పొద్దున మీరెక్కడున్నారు?"

"ఆరుంబావుకు ఈడ బయల్దేరినా. సోమందేపల్లి కాడ కాఫీ తాగినా. ఆడికి పోయేసరికి ఏడూ ఐదు, బండి అప్పుడే కదిలింది." మాట్లాడుతూనే హరీష్ తెగిపోయిన ఛార్జరు వైరు కొసలు గోటితో ఒలిచాడు. అగరబత్తి గూట్లో వేళ్ళు అద్దుకుని, ఎడంచేత్తో రెండు కొసల్నీ చిటికెలో మెలేసి, ఫోను ఛార్జింగుకు పెట్టాడు. గ్రీజు అంటని మనిషికి ఆ వేళ్ళ చురుకు ఎక్కడిదా అనిపించింది సుధకు.

"మీ సొంతూరు?"

"హిందూపురమే మేడమ్. మూడు తరాల్నుంచి ఈడనే. మా తాతది పట్టుగూళ్ళ మార్కెట్లో ఏపారం."

"మారుతికీ సంతోష్‌కూ గొడవెందుకొచ్చింది?"

"కంపెనీవాళ్ళ ముందర బండి ఎవురు తోలాలని. సంతోషు నేనంటాడు, మారుతి నేనంటాడు. వాని మనసులో ఏముండాదో నాకేం తెల్సు?" హరీష్ నిట్టూర్చాడు. "అయినా మా గ్యారేజీలో అన్నం తినినోడు. జామీను కావాలంటే ఒక్క ఫోను కొట్టండి మేడమ్. నేనే వచ్చి సంతకం పెడతా."

నలుగురూ రాళ్ళు వేస్తున్నప్పుడు ఈ మాత్రం మాట అనేవాడు ఒకడైనా ఉన్నాడే అనుకుంది సుధ. ఆ మాటను మనసులో భద్రంగా దాచుకుని లేచింది.

పన్నెండూ పదికి ఆమె పెనుకొండ కొండ అడుగున, బండిని ఉంచే రేకుల షెడ్డు ముందు దిగింది. లోయలోంచి లాగిన బండిని అక్కడే టార్పాలిన్ కప్పి ఉంచారు. కాపలాకు కానిస్టేబుల్ నారాయణప్ప ఉన్నాడు. రోడ్డు మలుపులో దోసెలు పోసుకునే నాగమణి, కారు చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

షెడ్డు గోడ నిండా సుద్దముక్క రాతలే. తేదీ, చేసిన మార్పు, కొండెక్కడానికి పట్టిన టైము. రోలరు 18 గ్రాములు, 4 నిమిషాల 40 సెకన్లు. రోలరు 14 గ్రాములు, 4 నిమిషాల 10. టైరు గాలి తగ్గించినాక 3 నిమిషాల 58. చివరి వరసలో 3 నిమిషాల 52, దాని చుట్టూ సున్నా. అక్షరాలు వంకరటింకరగా ఉన్నా అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

"ఎవరి రాత ఇది?"

"మారుతిదేమ్మా" అంది నాగమణి. "సంతోషు గడియారం పట్టుకోని పైన నిలబడేటోడు, మారుతి తోలేటోడు. రెండు సెకన్లు తగ్గితే సాలు, ఇద్దరూ నా అంగడికాడికొచ్చి ఎగిరేటోళ్ళు. వాళ్ళది గొడవా? పొద్దున తిట్టుకుంటే మద్యాన్నం ఒగే తట్టలో తినేటోళ్ళు."

"శనివారం సంగతి చెప్పు. టైముతో సహా."

"ఆరూ ఐదుకు కాఫీ తీసుకోని నేను ఈడికొస్తి. మారుతి అప్పుడే నట్లన్నీ బిగిచ్చి, వాటిమింద పసుపురంగు గీతలు పెడ్తాండాడు. నా ఎదురుగానే కూచ్చోని తాగినాడు. ఇంజను స్టార్టు చేసి కాగేదానికి వదిలినాడు. ఆరుంబావుకు ఏందో శబ్దం వస్తాండాదని వంగి సైలెన్సరు మింద అరచెయ్యి ఆన్చినాడు. అబ్బా! తోలు ఊడొచ్చిందమ్మా. సంతోషే బైకులో ఎక్కిచ్చుకోని ఆస్పత్రికి తీస్కపాయ. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఏడు."

"ఆ నలభై అయిదు నిమిషాలూ ఇక్కడ ఎవరున్నారు?"

"ఎవురూ ల్యారు. నేను పొయ్యికాడ ఉంటి. ఈ షెడ్డు నాకు కనపడదు, రాళ్ళు అడ్డం."

"తర్వాత?"

"కాఫీ గ్లాసు తీస్కపోదామని నేను మల్లా ఈడికొస్తి. మారుతి ఇంగోసారి నట్లన్నీ చూస్తా ఆగరా అన్యాడు. కంపెనీవాళ్ళు వచ్చే టైమాయ, నీ చెయ్యి ఎట్లుండాదో చూసుకో పో అని సంతోషు ఎక్కి కూసున్యాడు. బండి కదిలినాంక హరీషన్న వచ్చినాడు. సంతోషు తోల్తాండేది చూసి, ఆగు అన్నట్ల చెయ్యి పైకెత్తినాడు. మల్లా ఏమనుకున్యాడో, దించేసినాడు." నాగమణి కళ్ళు ఒత్తుకుంది. "ఏడూ పదకొండుకు శబ్దమొచ్చె. పెనంమింద దోస అట్లే మాడిపాయ."

జాగ్రత్త అని చెయ్యి ఊపి ఉంటాడు అనుకుంది సుధ. టార్పాలిన్ పక్కకు లాగి, చున్నీ నడుముకు బిగించి, బండి కిందకు దూరింది.

కుడిపక్క రాడ్డు ఊడి వేలాడుతోంది. నట్టు లేదు, పిన్ను లేదు. పోలీసులు చూసింది ఇదే. ఆమె వెల్లకిలా జరుగుతూ ఎడమపక్కకు వెళ్ళి టార్చి వేసింది. అక్కడ నట్టు ఉంది. నట్టు తిరగకుండా అడ్డంగా దూర్చే ఇనుపపిన్ను మాత్రం లేదు. దాని బదులు మెత్తటి సన్నతీగె ఒకటి దూర్చి మెలేశారు. వంగి చూసేవాడికి పిన్ను ఉన్నట్టే కనిపిస్తుంది, నాలుగు కుదుపులు తగిలితే తెగిపోతుంది. తీగె మీద ప్లేయరు పళ్ళ గాటు ఒక్కటీ లేదు. అచ్చంగా వేళ్ళతో వేసిన మెలిక. ఫోనులో దాని ఫోటో తీసుకుంది. మారుతి గీసిన పసుపు గీత సగం బోల్టు మీద ఉంటే, మిగతా సగం నట్టుతోపాటు పావుచుట్టు పక్కకు జరిగిపోయింది. అంటే గీత పెట్టాక ఎవరో నట్టు వదులు చేశారు.

మెలిక మడతల్లో, గ్రీజులో కలిసి తెల్లటి పొడి. సుధ వేలి కొసతో తాకి, రెండు వేళ్ళ మధ్య నలిపింది. మట్టి కాదు, ఇసుక కాదు. బూడిద.

"ఏం మేడమ్, బండి కింద దూరినారు? ఉద్యోగం పోయినా అలవాటు పోల్యా?"

బూట్లు కనిపించాయి ముందు. సి.ఐ. వేణుగోపాల్.

సుధ బయటికి జరిగి, దుమ్ము దులుపుకుంటూ లేచింది. "ఉద్యోగం పోలేదు సార్, నేనే వదిలేశాను. మీరు ఒక్కసారి దూరి చూసుంటే మారుతి మీ బెంచీ మీద ఉండేవాడు కాదు. ఊడిన పక్క చూశారు. ఊడని పక్క ఎవరు చూస్తారు?"

అతను వంగి చూశాడు. టార్చి అడిగి మళ్ళీ చూశాడు. లేచాక మొహంలో నవ్వు తగ్గలేదు. "బాగుంది. వాడే పిన్నులు తీసి తీగెలు కట్టినాడు. కావాలని చెయ్యి కాల్చుకోని ఆ పిల్లోణ్ణి సీట్లో కూర్చోబెట్టినాడు. మీరు చూపించిందానితో నా కేసు ఇంకా గట్టిపడింది. చాలా థ్యాంక్స్."

"ఎప్పుడు కట్టాడు?"

"ఎప్పుడో ఒకప్పుడు."

"ఎప్పుడో అంటే కోర్టు ఒప్పుకోదు. ఆరూ ఐదుకు గీతలు పెట్టాడు. ఆరుంబావుదాకా ఈ నాగమణి ఎదురుగానే ఉన్నాడు. ఆ తర్వాత బైకు మీద వెనక కూర్చుని ఆస్పత్రికి పోయాడు. అక్కడ చీటీ రాయించుకుని ఉంటాడు కదా, అదెక్కడుంది?"

నారాయణప్ప మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "స్టేషన్లోనే ఉండాది సార్. వాని జోబీలోది. సామాన్ల పట్టీ నేనే రాసినా. ఆరూ ముప్పై ఎనిమిది అని టైము కూడా ఏసినారు."

"నిన్నెవురడిగినారప్పా?" సి.ఐ. కసిరాడు.

"ఏడుకు తిరిగొచ్చాడు, అరచేతికి ఇంత కట్టుతో" అంది సుధ, గొంతు పెంచకుండానే. "ఏడూ ఐదుకు బండి కదిలింది. ఆ కట్టుతో రెండువైపులా పిన్నులు పీకి, ఇంత సన్నతీగెను వేళ్ళతో మెలేసి చూపించమనండి. చూపిస్తే నేను నోరు మూసుకుని ఇంటికి పోతాను. వేరేవాడు కట్టాడు సార్. షెడ్డు ఖాళీగా ఉన్న నలభై అయిదు నిమిషాల్లో కట్టాడు."

వేణుగోపాల్ పక్కకు వెళ్ళి ఆస్పత్రికి ఫోను చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చేటప్పుడు టోపీ చేతిలో ఉంది. "రిమాండు కాగితాలు ఇంకా రాయలేదులే. వదుల్తా. ఊర్లో పేరున్న మనిషి ఒకడొచ్చి సంతకం పెట్టాల." తర్వాతి మాట వెటకారం లేకుండా అన్నాడు. "ఒక్కమాట చెప్తా వినండి. మారుతి కాకపోతే ఇంకొకడు. ఆ ఇంకొకడు ఎవుడో తెలీకుండా వీణ్ణి బయటికి పంపేది మంచిది కాదు. రెండ్రోజులు నా దగ్గరే ఉండనీండి. అన్నం పెడతా, కాపలా పెడతా."

ఆ మాటలో న్యాయం ఉంది. సుధకు అది వినబడాల్సింది. కానీ మూడురోజులుగా తప్పుదారిలో నడిచిన మనిషి నోట వచ్చింది కదా, చెవికెక్కలేదు. ఉలిగమ్మకిచ్చిన మాట ఒకపక్క, గెలిచానన్న పొగరు ఇంకోపక్క.

"మీ కాపలా చూశాం లెండి" అనేసి, అక్కడే నిలబడి హరీష్‌కు ఫోను కలిపింది.

"వస్తాండా మేడమ్, గంటలో ఉంటా" అన్నాడు హరీష్. "సల్లటి మాట చెప్పినారు."

ధర్మవరం దారిలో కారు నడుపుతున్నంతసేపూ ఆమెకు వేళ్ళ మధ్య ఆ బూడిదే. ఇనుము ముట్టేవాడు చేతికి గ్రీజు రాసుకుంటాడు, కిరసనాయిలు రాసుకుంటాడు. బూడిద ఎవడు అద్దుకుంటాడు? ఉద్యోగం చేసిన రోజుల్లో ఆమె ధర్మవరంలో ఒక నేతగాళ్ళ ఇంటి మేడ మీద అద్దెకుండేది. ఇంటామె ఓబులమ్మ పొద్దస్తమానం కింద కూర్చుని అచ్చు అతికేది. మగ్గం మీద అయిపోవచ్చిన పాత పడుగు దారాలకు కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటే కలిపి మెలెయ్యడం ఆ పని. వేల దారాలు. పట్టుదారం వేళ్ళలో జారకుండా పక్కన చిప్పలో బూడిద పెట్టుకునేది.

మూడూ పదికి ఆ ఇంటి ముందు దిగింది. ఓబులమ్మ అదే చోట, అదే గోడకానుకుని, అదే పనిలో ఉంది. జుట్టు మాత్రం పూర్తిగా నెరిసింది.

"ఎవురూ, మన బ్రేకిన్‌స్పెక్టరమ్మనా? రా తల్లీ. యాన్నాళ్ళకు! చిక్కిపోయినావే."

"ఒక ఫోటో చూపిస్తా అవ్వా. కాస్త చూసి చెప్పు."

ఓబులమ్మ అద్దాలు సవరించుకుని ఫోను దగ్గరికి పెట్టుకుంది. సుధ మెలికను పెద్దది చేసి చూపించింది. ముసలామె తన చేతిలోని రెండు దారాల కొసల్నీ బూడిద అద్దిన వేళ్ళతో మెలేసి, పక్కన పెట్టి చూపించింది.

"ఇనపతీగె గానీ, మెలిక మాదే. కొసను ఎనక్కి మడిసి అదిమేది సూడు, అది అచ్చతికినోళ్ళకు తప్ప రాదు. అయితే ఇది తిరగబడి ఉండాది. అద్దంలో సూసినట్ల. ఎడంచేతోడు ఏసినాడు."

"మగవాళ్ళు చేస్తారా ఈ పని?"

"మగోళ్ళు మగ్గం ఎక్కుతారు. ఇది ఆడోళ్ళ పని. ఒగే ఒగడు చేసినాడు ఈ వీధిలో." ఓబులమ్మ గొంతు తగ్గించి, ఎదురింటి వైపు గడ్డం చూపించింది. "ఆ భాగ్యశ్రీ కొడుకు. వాళ్ళమ్మకు సూపు తగ్గితే, పదేండ్లప్పటినుంచి నా పక్కన కూచ్చోని అతికినాడు. ఎడంచెయ్యి. మానిపిద్దామంటే వాని వల్ల కాల్య. యేళ్ళు బూడిదలో అద్దందే ఏదీ ముట్టేటోడు కాదమ్మా, ఆఖరికి లాగు బొందు కట్టుకునేదానికి కూడా! నవ్వి సచ్చేటోళ్ళం. నువ్వు ఈడికి రాకముందే ఊరిడిసినాడు. ఇప్పుడు హిందూపురంలో గ్యారేజంట. ఈ వీధోడినని కూడా చెప్పుకోడంట, నామోషీ."

"పేరు?"

"హరీషు."

పొద్దుటి గ్యారేజీ సుధకు గుర్తొచ్చింది. ఆంజనేయస్వామి పటం, అగరబత్తి గూడు, అందులో అద్దిన ఎడంచేతి వేళ్ళు. తన కళ్ళ ముందే జరిగింది! కళ్ళు చూశాయి, బుద్ధి నిద్రపోయింది. మూడు తరాల హిందూపురం అబద్ధం. రోలర్ల బరువు పెంచామన్నవాడికి బండి సంగతి ఓనమాలు తెలియవు. ఆ బండిని మెరుగుచేసింది గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నవాడు. కంపెనీవాళ్ళు రోలరు సంగతి అడిగినప్పుడు పక్కన నిలబడి మారుతి జవాబు చెప్తే హరీష్ బండారం బయటపడుతుంది. మారుతి లేకపోతే ఏ బాధా లేదు.

రోజూ తోలేది మారుతి. చెయ్యి కాలిందని హరీష్‌కు తెలియదు. ఖాళీ షెడ్డులో తీగెలు కట్టి వెళ్ళి, ఏడూ ఐదుకు ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి చూస్తే సీట్లో సంతోష్ ఉన్నాడు. ఆగమని చెయ్యెత్తాడు. ఆపితే ఎందుకాపావని అడుగుతారని దించేశాడు. నాగమణి చూసింది అదీ! సంతోష్‌ను చంపిందెవరని సి.ఐ. మూడురోజులు వెతికాడు. తెలివిగలదాన్నని విర్రవీగి తను కూడా అదే వెతికింది. చంపాలనుకున్నది సంతోష్‌ను కానే కాదు.

చేతిలో ఫోను మోగింది. ఉలిగమ్మ.

"సుధమ్మా! నీ కడుపు సల్లగుండ తల్లీ! నా కొడుకు బయటికొచ్చినాడు. ఇప్పుడే మాట్లాడినాడు. హరీషన్న దేవుడట్లోడమ్మా, సంతకం పెట్టి, ఓటల్లో అన్నం కూడా తినిపిచ్చినాడంట. రాత్రికి సంగటి, కోడిపులుసు చేస్తాండా, నువ్వు రావాల!"

"వాడు ఎక్కడున్నాడమ్మా ఇప్పుడు?"

"కొండకాడ. జోడుబండి తెప్పిచ్చినాడంట హరీషన్న. రేపు కంపెనీవాళ్ళొస్తారు, ఒగసారి ఎక్కిచ్చి చూడు, నీ బండి గదా అన్యాడంట. చేతికి కట్టుండాది గదరా అంటే, దీన్ని తోలేదానికి బొటనేలు సాలమ్మా అని నగుతాడు. నా కొడుకు నగి ఎన్నిదినాలాయనో!"

సుధ ఏం జవాబు చెప్పి ఫోను పెట్టేసిందో ఆమెకే తెలియదు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఈ గొర్రెను తాడు పట్టుకుని నడిపించి కసాయి చేతిలో పెట్టింది మాత్రం తనే. వద్దన్న మనిషిని ఎగతాళి చేసి మరీ పెట్టింది. మారుతి నంబరు నొక్కింది. తొందరలో రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి మోగింది. ఎత్తారు.

"మారుతీ, దిగు! బండి దిగెయ్యి, ఎక్కొద్దు!"

"మారుతి ఫోను నా చేతికిచ్చి ఎక్కినాడు మేడమ్." హరీష్ గొంతు. పొద్దున కుర్చీ వేసినప్పటిలాగే మర్యాదగా ఉంది. "ఓబులమ్మవ్వ బాగుండాదా?"

సుధ తలెత్తి చూసింది. ఎదురింటి గడపలో, కళ్ళు చికిలించి ఇటే చూస్తూ, చెవి దగ్గరి ఫోను అప్పుడే దించుతోంది భాగ్యశ్రీ.

"మా అమ్మకు సూపు తక్కువ గానీ చెవులు బాగా పనిచేస్తాయి" అన్నాడు హరీష్. "మీరే పిలిచినారు గదా మేడమ్, నేనే వస్తినా? బండి ఇప్పుడే కదిలింది. ఎక్కేదానికి మూడు నిమిషాల యాభై రెండు సెకన్లు, వాడే గోడమింద రాసుకున్యాడు. దిగేదానికి ఎంతో ఎవురూ రాసుకోల్యా."

ఫోను కట్టయింది. సుధ సి.ఐ. నంబరు కలిపింది. అతను హలో అనకముందే మొదలుపెట్టింది.

"వేణుగోపాల్ గారూ, తప్పు నాది. మీరు చెప్పింది నిజం. హరీషే కట్టాడు. మారుతిని జోడుబండి ఎక్కించాడు, ఇప్పుడే, కొండ దగ్గర. పైన ఆపాలి. దిగనివ్వకూడదు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఎన్నేళ్ళుగానో ఆమెతో దెబ్బకు దెబ్బ మాటకు మాట తప్ప ఇంకేమీ ఎరగని మనిషి ఈసారి ఎత్తిపొడవలేదు. కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు, నారాయణప్పా అన్న కేక, జీపు తలుపు. తర్వాత ఒక్కటే చెప్పాడు. "ఎంత తోలినా ఎనిమిది నిమిషాలు పడతాది మేడమ్."

ఓబులమ్మ చేతిలో దారాలు ఆగిపోయాయి. ఏమైందమ్మా, ఏమైంది అని అడుగుతోంది. సుధకు వినబడటం లేదు. గడియారంలో సెకన్ల ముల్లునే చూస్తోంది. ఒక నిమిషం పోయింది. మారుతి ఈపాటికి మొదటి బండ దాటి ఉంటాడు. నవ్వుతూనే ఉంటాడు.

ఫోను మళ్ళీ మోగింది. ఉలిగమ్మ. సుధ దాన్ని చేతిలో పట్టుకుని నిలబడింది. అది మోగుతూనే ఉంది.